మూడు వేళ్ళ కొరత

బతికున్న మనిషిని నిలబెట్టి కొలవాలి, పోయిన మనిషిని పడుకోబెట్టి కొలవాలి. ఈ రెండూ ఎప్పుడూ తారుమారు కాకూడదు. మిషను బడిలో నాకు వడ్లపని నేర్పిన చెన్నయ్య మేస్త్రీ రంపం చేతికివ్వక ముందే చెప్పిన మాట ఇది.

మంచం చేయాలంటే మనిషిని గోడకు నిలబెట్టి కొలత తీసుకుని, దాని మీద ఒక జానెడు కలుపుకోవాలి. శవపెట్టెకు అలా కుదరదు. ఊపిరి పోయినాక పాదాలు ముందుకు వాలిపోతాయి, మనిషి తన పొడుగు కంటే పొడుగవుతాడు. అందుకని కొత్త జనపతాడు తీసుకుని నడినెత్తి నుంచి బొటనవేలి కొస దాకా పరిచి, ముడి వేసి, ఇంకో నాలుగు వేళ్ళు కలిపి పలక కోస్తాం. ఆ తాడు మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. పెట్టెలోనే కాళ్ళ దగ్గర పెట్టేయాలి. బయట ఉంచితే అది ఇంకొకరిని వెతుక్కుంటుందని మా పాలెంలో అంటారు. మేం ఏసు ప్రభువును నమ్ముకున్నవాళ్ళం, ఇలాంటివి నమ్మకూడదు. నమ్మం కూడా. తాడు మాత్రం పెట్టేస్తాం.

నా పేరు సత్యానందం. గిద్దలూరికి రెండు మైళ్ళలో మా పాలెం. ఇంటి పక్కనే బోదగడ్డి కప్పు వసారా వేసుకుని అందులో పని చేసుకుంటాను. గొర్రులు, నాగళ్ళు, తలుపులు, మంచాలు, మా క్రైస్తవుల ఇళ్ళకు పెట్టెలు. గిద్దలూరు బంగళాలో పెద్ద మంచం నేను చేసిందే. కర్నూలు నుంచి క్యాంపుకొచ్చిన దొరలు దాని మీదే నడుం వాలుస్తారు. మా ఇంట్లో మాత్రం నేనూ, నా భార్య అన్నమ్మా, మా పాప ఎలీషబా చాపల మీద పడుకునేవాళ్ళం. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత.

పెట్టెలు చేసే ఉలితో చేసిన మంచం మాకొద్దని ఊళ్ళో రైతులు అంటారు. మాకు ఎక్కువ పని ఇచ్చే వెంకటసుబ్బయ్య ఒకసారి మొహం మీదే అడిగాడు. నా దగ్గర రెండు ఉలులున్నాయి, దేనిది దానికే అని చెప్పాను. ఉన్నది ఒక్కటే. ఇంత పచ్చి అబద్ధం చెప్పి కూడా ఆ రోజు తిన్న అన్నం బాగానే అరిగింది. అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదని ముందే చెబుతున్నాను, తరవాత ఆశ్చర్యపోకండి.

ఎలీషబా ఆగస్టు నెలలో పోయింది. ఆరో ఏడు నడుస్తోంది. నాలుగు రోజులు జ్వరం కాసింది. ఐదో రోజు తెల్లవారుతుంటే ఒళ్ళు చల్లబడిందని అన్నమ్మ సంతోషపడి నన్ను లేపింది. నేను నుదుటి మీద చెయ్యి వేసి చూసి, దుప్పటి మళ్ళీ కప్పాను. ఆమె నా మొహం చూసి, తన చేతిని పాప ఒంటి మీద నుంచి మెల్లగా తీసేసుకుంది.

మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. క్రిస్మస్ రోజు పొద్దున పాపకు కొత్త గౌను తొడిగి, గుడికి పోయే ముందు, ద్వారబంధానికి వీపు ఆనించి నిలబెట్టి నెత్తి మీదుగా ఉలితో ఒక గీత గీసేవాణ్ణి. నిలబడటం వచ్చిన ఏడాది మొదలుపెడితే మొత్తం ఐదు గీతలయ్యాయి. ఆ పిల్ల దొంగది. మడమలెత్తి పొడుగైనట్టు నటించేది. నేను నెత్తి మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కేవాణ్ణి. అప్పుడు పళ్ళన్నీ కనిపించేలా నవ్వేది.

ఆ రోజు ఆడవాళ్ళు పాపకు స్నానం చేయించి, క్రిస్మస్ గౌను తొడిగి చాప మీద పడుకోబెట్టారు. నేను కొత్త తాడు పట్టుకుని లోపలికి పోయాను. పక్కన కూర్చున్నాను. తాడు కొస నెత్తి దగ్గర పెట్టాలి. చెయ్యి పోలేదు. చేతికి జబ్బేమీ లేదు, పోలేదంతే. లేచి వెనక్కి తిరిగితే ద్వారబంధం మీద చివరి గీత కనబడింది. నేల నుంచి ఆ గీత దాకా కొలబద్దతో కొలుచుకుని, నాలుగు వేళ్ళు కలుపుకుని, వసారాలోకి పోయి పలకలు కోశాను. తాడు చుట్ట చుట్టి వసారా చూరులో దోపాను. కొలవని తాడు కనక పెట్టెలో పెట్టే పని లేదని నాకు నేనే న్యాయం చెప్పుకున్నాను.

క్రిస్మస్‌కూ ఆగస్టుకూ మధ్య ఎనిమిది నెలలు. అది తట్టలేదు. బతికున్నప్పటి నిలువు కొలతకు పెట్టె చేయకూడదన్నదీ తట్టలేదు. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని.

పాపను పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు తెలిసింది. మూడు వేళ్ళు తక్కువ. బయట అందరూ కీర్తన పాడుతున్నారు. మబ్బు పట్టి ఉంది. మళ్ళీ చేయడానికి వ్యవధి లేదు, కట్టె లేదు. ఇవన్నీ సాకులు. రెండేళ్ళు ఆరిన వేప కట్టె అటక మీద ఉంది. పెట్టె పొట్టిదైంది, కాసేపు ఆగండి అని ఒక్క మాట అంటే అందరూ ఆగేవాళ్ళు. నేను అనలేదు. పాప మోకాళ్ళు కొంచెం మడిచి ఒక పక్కకు ఒరిగించాను. అన్నమ్మ ముందుకు వంగి గౌను అంచు లాగి మోకాళ్ళ మీద కప్పింది. చూసి కప్పిందో, తల్లి కనక ఊరికే కప్పిందో నాకు తెలియలేదు. మూత పెట్టాను.

మా అక్క ఏసమ్మ కొనకనమిట్ల నుంచి వచ్చింది. సమాధి దగ్గర నా చెవిలో అడిగింది.

"తాడు పెట్టినావారా?"

"పెట్టినా అక్కా."

ఇంటికి వచ్చేసరికి అన్నమ్మ పాప చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పాప చాప చిన్నది. అన్నమ్మ కాళ్ళు మోకాళ్ళ దాకా వట్టి నేల మీద ఉన్నాయి. లేస్తుందిలే అనుకున్నాను. సాయంత్రమైంది, లేవలేదు. మరునాడు లేవలేదు. ఒక వారమైంది. పక్కింటివాళ్ళు పట్టి లేపితే లేస్తుంది, పెడితే రెండు ముద్దలు తింటుంది, మళ్ళీ అదే చాప మీద అదే వైపు పడుకుంటుంది. మాట లేదు. ఏడుపూ లేదు.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళకు లోటు లేదు. దేవుడికి పాప నచ్చింది, తీసుకున్నాడు అన్నారు ఒకరు. నచ్చిన వస్తువునల్లా తీసుకుపోయేవాణ్ణి మా ఊళ్ళో వేరే పేరుతో పిలుస్తారు. పైకి అనలేదు. తల ఊపాను. ఆ రోజుల్లో నేను ఎవరేం చెప్పినా తల ఊపేవాణ్ణి, తల ఊపితే తొందరగా వెళ్ళిపోతారు.

నాకు ఏమీ అనిపించేది కాదు. దుఃఖం అంటే గుండె బరువు, కడుపులో మంట అని చెప్పుకుంటారు గదా, నాకు అవేవీ లేవు. పొద్దున లేచి వసారాలోకి పోయేవాణ్ణి. ఒకరోజు నాగలి దిమ్మ చెక్కుతుంటే బాడిస జారి బొటనవేలు చీరింది. రంపపు పొట్టు ఎర్రబడినాక గాని చూసుకోలేదు. కూరలో ఉప్పు లేదని రెండు రోజుల తరవాత ఎవరో చెబితే తెలిసింది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఆమె గోడను చూసేది, నేను కట్టెను చూసేవాణ్ణి. ఒక్క సంగతి మాత్రం ముల్లులా ఉండేది. ఆమె పాప మోకాళ్ళు చూసిందా లేదా? అడిగితే తెలిసిపోతుంది. అందుకే అడగలేదు.

అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. నేలకు చెమ్మ ఎక్కింది. అన్నమ్మకు దగ్గు మొదలైంది. మిషను ఆసుపత్రి నుంచి ఊళ్ళు తిరిగే నర్సమ్మ భాగ్యమ్మ వచ్చి, వీపు మీద చెవి పెట్టి విని, నన్ను బయటికి పిలిచింది.

"జబ్బు ఇంకా ముదరలేదు. కానీ ఈమెను నేల మీద నుంచి లేపాల. ఈ చెమ్మలో ఇంకో నెల ఉంటే దగ్గు రొమ్ముకు దిగుతాది. అప్పుడు నా చేతుల్లో ఏం ఉండదు. మంచం లేదా ఇంట్లో?"

"లేదమ్మా."

ఆమె వసారావైపు చూసింది. గోడకు ఆనించిన మంచం కోళ్ళు, తలుపు చెక్కలు, నాగలి దిమ్మలు. మళ్ళీ నా మొహం చూసింది.

"వడ్రంగివి గదయ్యా నువ్వు," అంది.

ఆ మాటకు సిగ్గుపడాల్సింది. అప్పుడు అది కూడా కలగలేదు. మరునాడు అటక ఎక్కి వేప కట్టె దించాను.

అది వెంకటసుబ్బయ్య చేని గట్టున గాలివానకు పడిపోయిన చెట్టు. గొర్రు బాగుచేసినందుకు పెద్ద కొమ్మ ఒకటి నన్ను తోలుకుపొమ్మన్నాడు. పాప బడికి పోయేనాటికి పలక పెట్టుకునే బల్ల చేద్దామని దాచాను. పెట్టెకు దాన్ని వాడలేదు, పాత పాకింగు చెక్కలు వాడాను. బల్ల కోసం దాచిన కట్టె గదా అనుకున్నానేమో. నాకిప్పటికీ తెలియదు.

అక్క మళ్ళీ వచ్చింది, ఈసారి ఉండిపోవడానికే. మా అక్క నోరు ఊరికే ఉండదు. పొయ్యి ఊదుతూ మాట్లాడుతుంది, అన్నమ్మ తల దువ్వుతూ మాట్లాడుతుంది, వసారా గుమ్మంలో కూర్చుని నా పని చూస్తూ మాట్లాడుతుంది.

"ఆమె పలకదు, నువ్వు పలకవు. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే కాకి మాదిరి అరుస్తాండా. మీ ఇద్దరికీ నోట్లో బెల్లం గడ్డ పెట్టినారా ఏంది?"

నేను చిత్రిక పట్టాను. వేప కట్టె చిత్రికకు బాగా లొంగుతుంది, పొరలు పొరలుగా లేస్తుంది. పాప ఉన్నప్పుడు ఆ పొరలు ఏరుకుని చేతులకు గాజులు చేసుకునేది. ఇప్పుడు అవి కాళ్ళ కింద పడి ఉన్నాయి. ఊడ్చేశాను.

మంచానికి కాళ్ళుగా నిలిచే కోళ్ళకు తుమ్మ తీసుకున్నాను. నాలుగు మొద్దులు కోసి, బాడిసతో చెక్కి, గుండ్రం తీశాను. కోడుకు ఒక పద్ధతి ఉంది. చెట్టు ఎలా నిలబడిందో అలాగే కోడూ నిలబడాలి, మొదలు కిందికి, కొన పైకి. తలకిందులైతే ఆ మంచం మీద నిద్ర పట్టదంటారు. మూడో కోడుకు బెజ్జం కొట్టడం అయిపోయినాక అక్క అడిగింది.

"అది తలకిందులు గదరా?"

చూశాను. తలకిందులే. కట్టె నారను చూస్తే పిల్లవాడికి కూడా తెలుస్తుంది. దాన్ని పొయ్యిలోకి వేసి ఇంకో మొద్దు తీసుకున్నాను. రెండు రోజుల పని. కోపం రాలేదు. మామూలుగా అయితే ఉలి విసిరికొట్టి ఉండేవాణ్ణి. నా కోపం సంగతి పాలెంలో అందరికీ తెలుసు. ఆ కోపం కూడా ఎటో పోయింది.

కోళ్ళయ్యాయి. ఇక కోళ్ళను కలిపే నిలువు, అడ్డ పట్టెలు కోయాలి. పట్టెలకు కొలత కావాలి.

ఆ రోజు అక్క నీళ్ళకు బావికి పోయింది. నేను కొలబద్ద తీసుకుని లోపలికి పోయాను. అన్నమ్మ అలాగే ఉంది. ఎముకలు తేలిన వీపు, చెదిరిన జుట్టు, చాప దాటి వచ్చిన కాళ్ళు.

"అన్నమ్మా, ఒక్క నిమిషం లేచి నిలబడు. మంచానికి కొలత తీసుకోవాల."

కదల్లేదు. ఇంకోసారి పిలిచాను. కదల్లేదు. నా చేతిలో బద్ద ఉంది, ఆమె నేల మీద ఉంది. పక్కన బద్ద పెట్టి చూసుకుంటే రెండు నిమిషాల పని. కానీ బతికున్న మనిషిని పడుకోబెట్టి కొలవకూడదు. నేను బద్ద వంచితే ఆమె ఆ లెక్కలోకి పోయినట్టే అనిపించింది. రెండు నెలల్లో నాకు కలిగిన మొదటి భయం అదే. బయటికి వచ్చేశాను.

వసారాలో నిలబడి ఆలోచించాను. మా పెళ్ళినాడు పాస్టరు ముందు పక్కపక్కన నిలబడ్డప్పుడు అన్నమ్మ తల సరిగ్గా నా భుజానికి తగిలింది. ముసుగులో పెట్టుకున్న కనకాంబరాలు నా చొక్కాకు రాసుకుని రంగు అంటింది, అందుకే గుర్తు. నేల నుంచి నా భుజం దాకా కొలుచుకున్నాను. జానెడు కలిపాను. పట్టెలు కోసేశాను.

అక్క బిందె దించుతూ కోసిన పట్టెలు చూసింది.

"కొలత యాడిది? లేచి నిలబడిందా ఏంది?"

"నిలబడింది," అన్నాను. "నువ్వు బావికి పోయినప్పుడు."

అక్క బిందె అక్కడే వదిలేసి, వసారాలోనే మోకరించి ప్రార్థన చేసింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని నా తల నిమిరింది. "లేచ్చాదిరా, ఇంక లేచ్చాది," అంది. నేను పట్టె కొసలు చెక్కుతూ ఉన్నాను. ఆ రోజు మటుకు అన్నం అరగలేదు.

కట్టె పనికి మొత్తం పదకొండు రోజులు పట్టింది. బిగించిన మంచం గుమ్మంలో పట్టదు, అందుకని విడివిడిగా లోపలికి తీసుకుపోయి, అన్నమ్మ వీపు వెనకే కోళ్ళు నిలబెట్టి, పట్టెలు బెజ్జాల్లోకి దించి, కొయ్య మేకులు కొట్టి బిగించాను. సుత్తి దెబ్బలకు కుండలు కదిలాయి. ఆమె తిరిగి చూడలేదు. అక్కా నేనూ చెరో పక్కా కూర్చుని నులక అల్లాం. ఒక పొద్దంతా పట్టింది. బయట సన్నగా వాన.

"ఇంక రా తల్లీ," అక్క చాప దగ్గర కూర్చుని అన్నమ్మ భుజం తట్టింది. "మీ ఆయన చేసినాడు చూడు. బంగళాలో దొరలకు గూడా ఇట్లాంటిది లేదు. లే, నేను పట్టుకుంటా."

అన్నమ్మ మెల్లగా ఇటు తిరిగింది. మంచాన్ని చూసింది. కోళ్ళ నుంచి పట్టెల దాకా, తలాపి నుంచి కాళ్ళ వైపు దాకా, సంతలో గొడ్డును చూసినట్టు నిదానంగా చూసింది. తరవాత నన్ను చూసింది. పాప పోయినాక ఆమె నా కళ్ళలోకి చూడటం అదే మొదలు.

"ఎట్ల కొలిచినావు?" అంది. గొంతు బొంగురుపోయింది.

అక్క నవ్వింది.

"అదేందమ్మా, నువ్వు నిలబడినావు గదా, మొన్న నేను బావికి పోయినప్పుడు? నిన్ను నిలబెట్టి కొలిచినాడంట."

"నేను యాడ నిలబడినా వదినా?"

అక్క నావైపు తిరిగింది. నేను నులక కొస పట్టుకుని ముడి వేస్తున్నట్టు కూర్చున్నాను. ఆ ముడి ఎప్పుడో వేశాను.

"పాపను కొలిచినట్టే కొలిచింటాడులే," అంది అన్నమ్మ.

అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"పాపను కొలవలేదా?" అని అడిగింది. "తాడు పెట్టినానన్నావు గదరా?"

"కొలిస్తే గదా వదినా తాడు. తాడు చూరులోనే ఉండాది. పాపకు పెట్టె చాల్లేదు. మోకాళ్ళు మడిచి పెట్టినాడు. నేను గౌను కప్పినా, నలుగురూ చూస్తారని."

అరవలేదు. ఏడవలేదు. ఎండలో ఒడియాలు ఆరేశానని చెప్పినట్టు చెప్పింది. ఆమెకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసి నా పరువు కాపాడటానికి గౌను అంచు లాగింది. తరవాత పోయి ఆ పొట్టి చాప మీద పడుకుంది.

అక్క నోరు మూగపోవడం నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు. ఆ రోజు చూశాను.

అన్నమ్మ చెయ్యి చాపి దగ్గరున్న మంచం కోడు పట్టుకుంది. అక్క లేపబోతే వద్దన్నట్టు తల తిప్పింది. కోడు పట్టుకుని మోకాళ్ళ మీద లేచింది. పట్టె పట్టుకుని నిలబడింది. దగ్గు వచ్చింది, అది తగ్గేదాకా ఆగింది. తరవాత గోడ పట్టుకుంటూ నాలుగడుగులు వేసి గడప దగ్గరికి పోయింది. ద్వారబంధానికి వీపు ఆనించి, మడమలు ఆనించి, తల నిటారుగా పెట్టి నిలబడింది.

"కొలువు," అంది.

ఉలీ సుత్తీ తీసుకుని పోయాను. దగ్గరికి పోతే గాని నాకు తెలియలేదు. అన్నమ్మ తల నా భుజం దాటి ఉంది, చెవి దాకా వచ్చింది. పెళ్ళినాటికి ఆమెకు పదిహేనేళ్ళు. ఆ తరవాత ఎప్పుడో పెరిగింది. తొమ్మిదేళ్ళు పక్కన పడుకున్నాను, ఒక్కసారి కూడా చూడలేదు. ఒకే తప్పు రెండోసారి చేసేవాణ్ణి చెన్నయ్య మేస్త్రీ ఎద్దు అనేవాడు. ఎద్దులు వింటే బాధపడతాయి.

నెత్తి మీదుగా గీత గీశాను. ఆమె పక్కకు జరగకుండానే అడిగింది.

"చాల్తాదా మంచం?"

"చాలదు," అన్నాను. రెండు నెలల తరవాత నేను ఒప్పుకున్న మొదటి నిజం. "కాళ్ళు పట్టెకు తగులుతాయి. జానెడు కలిపింది అంతా పోయింది."

"ఇప్పెయ్. వేరే పట్టెలు కొయ్యి. కాళ్ళు చాపుకునేటట్టు చెయ్యి."

"చేస్తా."

పని అయిపోయిందని ఉలి దించబోయాను. ఆమె కదల్లేదు. ద్వారబంధానికే ఆనుకుని మెల్లగా కిందికి జారి గడప మీద కూర్చుంది. పాప గీతలు ఆమె మొహం పక్కనే ఉన్నాయి. ఐదో గీత మీద ఒక వేలు అడ్డంగా ఆనించింది. దాని మీద ఇంకో వేలు, దాని మీద ఇంకో వేలు. అక్కడ ఆగింది.

"ఇది గూడా గీయి," అంది.

నాకు అర్థం కానట్టు నిలబడ్డాను.

"జూన్లో గౌను మడత ఇప్పి కుట్టింటి. పొట్టిదైందని. ఇంతకొచ్చింది పాప." మూడు వేళ్ళూ గట్టిగా అదిమింది. "నన్నడిగుంటే చెప్తాంటి గదయ్యా. ఇంట్లోనే ఉన్న్యా గదా. ఎందుకడగలేదు?"

నేను ఆమె ముందు కూలబడ్డాను. అడగాలని నాకు తట్టలేదని చెప్పాలనుకున్నాను. మాటకు బదులు వేరే చప్పుడు వచ్చింది. గొడ్డు రంకె లాంటి చప్పుడు. అది నాదేనని నాకు కాసేపు తెలియలేదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. గడప మీద తల పెట్టి ఏడ్చాను. అక్క లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. అన్నమ్మ వేయలేదు. ఆమె వేళ్ళు ద్వారబంధం మీదే ఉన్నాయి.

ఎంతసేపైందో తెలియదు. వాన నిలిచింది. చూరు నీళ్ళు మాత్రం పడుతున్నాయి.

"గీయి," అంది అన్నమ్మ మళ్ళీ. "చెయ్యి లాగుతాండాది."

మొహం తుడుచుకుని, పై వేలి అంచుకు ఉలి ఆనించి కొట్టాను. గీత పడినాకే ఆమె చెయ్యి తీసింది.